రికార్డు పోయినను ఫైలు పోదు

గ్రంథాలయములో ఒక పాత పుస్తకమును తీసివేయదలచి, కేటలాగు పెట్టెలోని కార్డును చించివేసితిమనుకొందము. కార్డు పోయినది, పుస్తకము బీరువాలోనే యున్నది. అది అచ్చట నున్నదని తెలుపు ఆధారమే లేకపోయినది. కంప్యూటరులలో పాత రికార్డులను తొలగించునపుడు తరచు జరుగు పొరపాటు ఇదియే.

డేటాబేసు అనగా పట్టికల సముదాయము. ఆ పట్టికలతో వ్యవహరించు భాష ఎస్.క్యు.ఎల్. ఐ.బి.ఎం. సంస్థకు చెందిన డొనాల్డ్ చేంబర్లిన్, రేమండ్ బాయ్స్ అనువారు 1974లో ప్రకటించిన భాషయే దీనికి మూలము. ఆసుపత్రి పట్టికలో రోగి పేరు, వచ్చిన తేదీ ఉండును. ఎక్స్‌రే చిత్రము సాధారణముగా డిస్కుపై వేరొక ఫైలుగా ఉండును. పట్టికలో దాని చిరునామా మాత్రమే ఉండును. 'డిలీట్' అను ఆజ్ఞ పట్టికలోని వరుసను తొలగించును గాని, ఆ ఫైలును తాకదు. 'ఆన్ డిలీట్ కాస్కేడ్' అను నిబంధన సైతము అనుబంధ పట్టికలలోని వరుసలను తొలగించునే గాని, ఫైళ్ల జోలికి పోదు.

అట్లయినచో ముందుగా ఫైళ్లనే తుడిచివేయరాదా యని శ్రోతలు అడుగవచ్చును. అందు మరియొక చిక్కు కలదు. డేటాబేసులో చేసిన మార్పులను 'కమిట్' చేసి ఖాయపరచువరకు, 'రోల్‌బ్యాక్' అను ఆజ్ఞతో రద్దుచేయవచ్చును. తుడిచిన ఫైలుకు ఆ అవకాశము లేదు. నడుమ కరెంటు పోయినచో రికార్డు నిలుచును, చిత్రము పోవును.

కనుక మేము సూచించు క్రమమిది. గడువు తీరిన రికార్డుల ఫైళ్ల చిరునామాలను మొదట వేరొక పట్టికలో వ్రాసికొనవలెను. పిమ్మట రికార్డులను తొలగించి, ఈ రెండు పనులను ఒకే 'కమిట్'తో ఖాయపరచవలెను. అటుపిమ్మట మరియొక ప్రోగ్రాము ఆ జాబితాను చూచి, ప్రతి ఫైలును వేరే రికార్డేదైనను వాడుకొనుచున్నదేమో విచారించి, లేనిచో తుడిచివేసి, జాబితాలో కొట్టివేయవలెను. నడుమ యంత్రము ఆగినను జాబితా నిలిచియుండును. పని మరల సాగును. ఫైలు అప్పటికే లేకున్నచో పని పూర్తియైనట్లే యెంచవలెను.

ఇది డిస్కులో చోటు మిగుల్చుకొను ఉపాయము మాత్రమే కాదు. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, తన వివరములను తొలగింపుమని కోరు హక్కును పేర్కొన్నది. అట్లు కోరిన మనిషికి "తొలగించితిమి" అని చెప్పిన పిమ్మటను ఆతని చిత్రము డిస్కులో మిగిలియున్నచో, మన మాట అసత్యమే యగును. కార్డు చించినవారే బీరువాయును చూడవలెను.