గుర్రం మందు, చిట్టెలుక మందు

పాము కాటు మందు గుర్రం రక్తంలోంచి తీస్తారట. క్యాన్సర్ మందేమో చిట్టెలుక కణాల్లో పెంచుతారట. ఎందుకిలా? ఎలా?

రేపల్లె, బాపట్ల వైపు వరిచేలో దిగేవాళ్లకు మొదటి సంగతి కొత్త కాదు. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే, దాని ఒంట్లో ఆ విషాన్ని పట్టి కట్టేసే ప్రొటీన్లు పుడతాయి. అవే యాంటీబాడీలు. మనుషులకు విషం ఎక్కించి రక్తం తీయలేం కదా! చిక్కల్లా, గుర్రం ప్రొటీన్ మన ఒంటికి పరాయిది. ఇంజెక్షన్ పడ్డాక కొందరికి దద్దుర్లు లేస్తాయి, బీపీ పడిపోతుంది. డాక్టరు అడ్రినలిన్ దగ్గర పెట్టుకునేది అందుకే.

ఇక రెండో సంగతి, క్యాన్సర్ మందు. అదీ యాంటీబాడీయే. పరాయితనం తగ్గాలంటే యాంటీబాడీ రాత, అంటే జన్యువు, మనిషిదై ఉండాలి. దాన్ని హ్యామ్‌స్టర్ అనే చైనా చిట్టెలుక కణాల్లో పెడతారు. 1957లో ఆ జంతువు అండాశయం నుంచి తీసిన కణాల సంతతి ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. బ్యాక్టీరియా ఇంతకంటే చవకే గానీ, యాంటీబాడీకి తగిన చక్కెర గొలుసులు అతికించే పనితనం దానికి లేదు.

జన్యువు ఏ కణంలో కుదురుకుందో తెలిసేదెలా? నాకు బాగా నచ్చే ముచ్చట ఇదే. డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైమ్ లేని కణాలు తీసుకుని, యాంటీబాడీ జన్యువుకు ఆ ఎంజైమ్ జన్యువును జతకట్టి పంపుతారు. తర్వాత ఆ ఎంజైమ్‌ను అణిచే మెథోట్రెక్సేట్ పోస్తారు. జత జన్యువు గట్టిగా పనిచేసే కణాలే బతికి బట్టకడతాయి. ఆ మెథోట్రెక్సేట్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో, 1940లలో అందించిందే! బతికినవాటిలో మేలైన ఒక్క కణాన్ని ఏరి, దాని సంతతినే పెంచుతారు. బాపట్లలో సంకర సంతానంలోంచి సాంబ మసూరిని, అదే బీపీటీ 5204ను, ఏరిన ఓపికే ఇక్కడా కావాలి.

హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో తెచ్చిన రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు ఇలాంటి కణాల్లో తయారైందే. ఆ కంపెనీ పెట్టిన కల్లం అంజిరెడ్డిది తెనాలికి ఎంతో దూరం లేని తాడేపల్లి. అయితే రెడిటక్స్‌లోని యాంటీబాడీ కూడా పూర్తిగా మనిషిది కాదు. క్యాన్సర్ కణాన్ని పట్టే కొసలు ఎలుకవి, మిగతా ఒళ్లు మనిషిది.

మరి పాము మందూ ఇలాగే చేయొచ్చుగా? ఒక కణం సంతతి ఒకే రకం యాంటీబాడీ ఇస్తుంది. పాము విషమేమో ఎన్నో విషాల కలగలుపు. 2024లో బెంగళూరు ఐఐఎస్‌సీ, అమెరికాలోని స్క్రిప్స్ సంస్థల శాస్త్రవేత్తలు నాగుపాము, కట్లపాము జాతుల్లోని ఒక రకం నాడీ విషాన్ని ఆపే మానవ యాంటీబాడీని ఎలుకలపై పరీక్షించి చూపారు. రక్తపింజర విషం దానికి లొంగదు. మన ఆసుపత్రుల్లో ఈ రోజుకీ ఎక్కించేది గుర్రం మందే.