పింఛను వచ్చే గుమ్మానికి వైద్యం రాదా?

ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం సిబ్బంది మంచం దగ్గరికే వచ్చి పింఛను చేతిలో పెడతారు. 2024 జులై నుంచి వృద్ధులకు 4,000, డయాలసిస్ రోగులకు 10,000, పక్షవాతంతో మంచాన పడ్డవారికి 15,000. అదే మనిషికి బీపీ చూపించాలంటే మాత్రం ఆటో మాట్లాడాలి, తోడు వెతకాలి. కొడుకు హైదరాబాద్‌లోనో, చేపలవేటకు వెళ్లి గుజరాత్‌లోని వెరావల్‌లోనో ఉంటాడు.

జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం పెట్టి, అందులో కనీసం 150 మంది నిరుపేదలకు చోటు ఇవ్వొచ్చన్నది 2007 నాటి వయోవృద్ధుల చట్టం మాట. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముసలితనమంతా ఇళ్లలోనే గడుస్తోంది కాబట్టి వైద్యమూ అక్కడికే నడవాలి. నడిచే మనిషి ఇప్పటికే ఊళ్లో ఉంది. సుమారు 2,500 మందికొకటి చొప్పున పెట్టిన విలేజ్ క్లినిక్‌లో కూర్చునే ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య ప్రదాత) బీఎస్సీ నర్సింగ్ చదివింది. మందులిస్తుంది, ఈ-సంజీవనిలో డాక్టరుతో మాట్లాడిస్తుంది. 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పథకం ప్రకారం మంచాన ఉన్నవారిని ఇంటికెళ్లి చూడాల్సింది డాక్టరు. ఆయన ఊరికి వచ్చేది నెలకు రెండుసార్లు. వీపు మీది పుండు అన్నాళ్లు ఆగదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానంలో ఈ లోటు ఇంకా ప్రమాదం. కవిటి, సోంపేట కొబ్బరితోటల్లో బతుకంతా వంగి పనిచేసిన మోకాళ్లు రాత్రిళ్లు సలుపుతాయి. కొట్లో నొప్పి బిళ్ల దొరుకుతుంది, ఆర్‌ఎంపీ దగ్గర సూది దొరుకుతుంది. అసలే నీరసించిన కిడ్నీలకు ఆ నొప్పి మందులే చేటు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు, మంచిదే. కానీ తలగడ కింది బిళ్లల అట్ట తీసి చూసి ‘ఇది మానెయ్యి తాతా’ అనాల్సిన మనిషి పలాసలో ఉంటే లాభమేముంది?

అమెరికాలోని మినసోటాలో 1987లో ఇద్దరు నర్స్ ప్రాక్టీషనర్లు ఎవర్‌కేర్ అనే పద్ధతి మొదలుపెట్టారు. డాక్టరుతో కలిసి పనిచేస్తూ, వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో జబ్బు ముదరకముందే మంచం దగ్గరే వైద్యం చేయడం వాళ్ల పని. అలా చూసుకున్న వృద్ధులు ఆసుపత్రి పాలవడం దాదాపు సగానికి తగ్గిందని 2003 నాటి అధ్యయనం తేల్చింది.

మన దగ్గరా దారి లేకపోలేదు. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్ సామాజిక ఆరోగ్య ప్రదాతలకు పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చంది. ప్రాథమిక వైద్యంలో కొన్ని నిర్దేశిత మందులు వాళ్లే రాయొచ్చు, మిగతావి డాక్టరు పర్యవేక్షణలో. అరకొర చదువుల వాళ్ల చేతికి వైద్యం వెళ్తుందని భారత వైద్య సంఘం అప్పట్లో సమ్మెకు దిగింది. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. అయితే ఆర్‌ఎంపీకి ఏ కమిషన్ లైసెన్సు ఇచ్చిందని? నాలుగేళ్లు నర్సింగ్ చదివినామె చేయి కట్టేసి, ఏమీ చదవనివాడి చేతికి సూది వదిలేశాం.

రాయాల్సిన మందులేవో, ముట్టుకోకూడనివేవో ముందే కాగితం మీద పెట్టి ఆమెను ఇంటింటికీ పంపొచ్చు. ఎవరింటికన్న ప్రశ్నే లేదు, మంచాన ఉన్నవారి పేర్లు పింఛను జాబితాలోనే ఉన్నాయి. తేలాల్సింది ఆమె సంగతి. కేంద్ర మార్గదర్శకాల్లో జీతం 25,000, పనిని బట్టి మరో 15,000 వరకు ప్రోత్సాహకం. ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు. 2025లో రాష్ట్రమంతా సమ్మె చేసింది వీళ్లే. ఇళ్ల తిరుగుడు కూడా నెత్తిన పెట్టే ముందు, ఆమె స్కూటీలో పెట్రోలు ఎవరు పోయిస్తారో సర్కారు చెప్పాలి.