కోరంగి ఓడయు వర్జీనియా చట్టమును

కాకినాడకు చేరువనున్న కోరంగికి నేడు జనులు మడయడవులు చూడబోవుదురు. ఒకప్పుడది పేరెన్నికగన్న ఓడరేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దానిని పాడుచేసినను ప్రయాణములు పూర్తిగా నిలిచిపోలేదు. 1843లో 'కోరింగా పాకెట్' అను ఓడ తెలుగు కూలీలను మారిషస్ చెఱకుతోటలకు చేర్చెను. అదే యేట కంపెనీ ప్రభుత్వము చేసిన 5వ చట్టము, మనిషిని సొత్తుగా జమకట్టు హక్కును ఏ న్యాయస్థానమును చెల్లనీయరాదని శాసించెను. మఱి ఆ యోడ నెక్కినవారు స్వతంత్రులా, బానిసలా?

ఇది తేలవలెనన్న బానిసత్వము చట్టములోని కెట్లు ప్రవేశించినదో చూడవలెను. అమెరికాలోని ఇంగ్లీషు వలసయైన వర్జీనియాకు 1619లో ఆఫ్రికావారిని తెచ్చి అమ్మినప్పుడు, బానిస యనగా ఎవడో చెప్పు శాసన మక్కడ లేదు. ఇంగ్లండునుండి వచ్చిన పేదలు కూడ ఒడంబడిక వ్రాసి కొన్నియేండ్లు ఊడిగము చేసెడివారు. 1640లో ముగ్గురు సేవకులు పాఱిపోయి పట్టుబడిరి. ఇద్దఱు ఐరోపావారు, వారికి నాలుగేండ్ల సేవ హెచ్చించిరి. మూడవవాడు జాన్ పంచ్ అను నల్లజాతివాడు. అతనికి యావజ్జీవ సేవ విధించిరి. తప్పొక్కటే! 1662లో అచ్చటి శాసనసభ, బిడ్డ తల్లి స్థితినే పొందునని నిర్ణయించెను. ఇంగ్లీషువారి ఆచారము ప్రకారము బిడ్డ తండ్రిని అనుసరించవలెను. దానిని తలక్రిందులు చేయుటచే, బానిసరాలికి యజమానివలన పుట్టిన బిడ్డయు నతని సొత్తే యయ్యెను. ఉయ్యాలలోని పాపను గూడ బంధించిన యీ యొక్క వాక్యమే అసలు పునాదియని మా యభిప్రాయము.

మారిషస్‌లో 1835లో బానిసత్వము రద్దయినది. తోటలకు పనివారు కావలసివచ్చిరి. మనవారు వ్రాసిన ఒడంబడికలో వర్జీనియా వాక్యము లేదు. గడువు తీరును, బిడ్డ స్వతంత్రుడు. ఇది స్వల్పభేదము కాదు. కాని గడువులోపలి బ్రతుకు వేఱు. ఒకనాడు పనికి రాకున్న రెండునాళ్ల కూలి కోసెడివారు. తోట విడిచిపోయిన జైలు. ఆ కాగితముపై నిశానీ పెట్టినవారిలో దానిని చదివించుకొని విన్నవారెందఱో!

ఇట్టి కూలీల ఎగుమతి 1917లోగాని ఆగలేదు. మారిషస్‌లో మాత్రము తెలుగువారందఱికిని, విశాఖపట్టణము, గంజాం జిల్లాలనుండి పోయినవారికి సైతము, 'కోరంగీలు' అను పేరే నిలిచిపోయెను.