అచ్చు వదలాలంటే ఆగాలి

రెజిన్‌తో కమ్మలు, లాకెట్లు పోసుకునే పిల్లలెవరర్రా? ఇట్లా వచ్చి కూర్చోండి. అచ్చులోంచి ముక్క సరిగా ఊడి రాలేదంటే, చాలాసార్లు తప్పు లాగడంలో ఉండదు, కలపడంలోనో ఆగకపోవడంలోనో ఉంటుంది.

ఇంట్లో అరాల్డైట్ ట్యూబులు రెండు చూసే ఉంటారు. మీ నగల రెజిన్ కూడా ఆ ఎపాక్సీ జాతిదే. రెజిన్‌లో హార్డ్‌నర్ కలిపితే రెండింటి అణువులూ ఒకదానికొకటి ముడిపడతాయి. అప్పుడు వేడి పుడుతుంది, ద్రవం గట్టిపడుతుంది. హార్డ్‌నర్ కాస్త ఎక్కువ పోస్తే తొందరగా అవుతుందనుకోకండి. జత దొరకని అణువులు మిగిలిపోయి ముక్క జిగటగానే ఉంటుంది. సీసా మీద రాసిన కొలతే కొలత. గిన్నె అంచులు, అడుగు గీకుతూ మెల్లగా కలపండి. తంగేడు పువ్వు పెట్టాలనుంటే బాగా ఎండినదే పెట్టండి, తడి ఉంటే బుడగలొస్తాయి.

ఎపాక్సీ గాజును పట్టుకుంటుంది, ఇనుమును పట్టుకుంటుంది, చెక్కనూ వదలదు. సిలికాన్ అచ్చును మాత్రం ఎందుకు వదిలేస్తుంది? ఆ రబ్బరు అణువుల గొలుసుకు బయటివైపంతా మిథైల్ గుంపులుంటాయి. వాటికి వేరే పదార్థాల మీద ఆకర్షణ చాలా తక్కువ. అయినా వేడిమీద లాగితే పాడవుతుంది. ఇడ్లీ పాత్ర దించీ దించగానే స్పూన్ పెడితే సగం రేకుకే అంటుకోదూ!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మే నెల ఎండ సంగతి మీకు తెలియనిది కాదు, 44, 45 డిగ్రీలు. ఆ వేడికి రెజిన్ త్వరగానే గట్టిపడుతుంది. కానీ చాలా రకాల ఎపాక్సీలు 50 డిగ్రీల దగ్గరదగ్గర మెత్తబడతాయి. అప్పుడు లాగితే కమ్మ వంగి, చల్లారాక ఆ వంకరతోనే ఉండిపోతుంది. అందుకే ఎండాకాలం సాయంత్రం పోసి, మర్నాడు పొద్దున్నే తీయండి. చలికాలం పని నిదానంగా సాగుతుంది, సీసా మీద 24 గంటలని ఉన్నా ఇంకో రోజు ఆగండి. వానాకాలం తేమకు పైన జిడ్డు పొర కడితే గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగితే పోతుంది.

తీసేటప్పుడు ముందు అచ్చు అంచుల్ని చుట్టూ బయటికి లాగండి. సందులోకి గాలి చేరాలి. లేకపోతే బయటి గాలి ఒత్తిడి ముక్కను అచ్చుకే అదిమి ఉంచుతుంది. ఒక చుక్క సబ్బునీళ్లు వేస్తే ఇంకా సులువు. తర్వాత అచ్చును అడుగు నుంచి బొటనవేళ్లతో పైకి నొక్కండి. కత్తి పెట్టి గీకితే అచ్చు మీద పడ్డ ప్రతి గీతా తర్వాత పోసే ప్రతి కమ్మ మీదా అచ్చవుతుంది.

ఇంకొక్కమాట. గట్టిపడని రెజిన్, హార్డ్‌నర్ చర్మానికి తగిలితే కొందరికి ఎలర్జీ వస్తుంది, ఒకసారి వచ్చిందంటే మళ్లీ తగిలిన ప్రతిసారీ వస్తుంది. గ్లౌజులు లేకుండా సీసా మూత తీయకండి.