టాపు కోసిన అంబాసిడర్‌కు ‘వింటేజ్’ గౌరవం దక్కదు
సొగసుకు, చట్టానికి మధ్య పాత కార్ల యజమానులు

కోల్‌కతా: ఒకనాడు దేశ రహదారులను ఏకచ్ఛత్రంగా ఏలిన అంబాసిడర్ కారు ఇప్పుడు రెండు దారుల కూడలిలో నిలిచింది. యాభై ఏళ్లు నిండిన కారును పుట్టిన రూపంలోనే పదిలపరిస్తే దానికి చట్టబద్ధమైన ‘వింటేజ్’ హోదా లభిస్తుంది. అదే కారుకు టాపు కోసి, బాడీ మార్చి, విదేశీ ఫక్కీలో సోకులు దిద్దితే ఆ హోదా చేజారడమే కాక యజమాని శిక్షార్హుడు కూడా అవుతాడు. కొత్తగా ఒక్క అంబాసిడర్ కూడా తయారు కాని ఈ రోజుల్లో, ఉన్నవాటిని ఏం చేయాలన్న ప్రశ్నకు ప్రాధాన్యం ఏర్పడింది.

1942లో స్థాపితమైన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ హుగ్లీ జిల్లాలోని ఉత్తరపారా కర్మాగారంలో, బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 నమూనా ఆధారంగా 1950ల చివర అంబాసిడర్ ఉత్పత్తిని ప్రారంభించింది. మంత్రుల వాహనంగా, పసుపుపచ్చ టాక్సీగా ఐదు దశాబ్దాలకు పైగా సాగిన ఈ కారు ఉత్పత్తి 2014 మే నెలలో నిలిచిపోయింది. 2017లో అంబాసిడర్ పేరును ఫ్రాన్సుకు చెందిన పెజో సంస్థ రూ.80 కోట్లకు కొనుగోలు చేసింది. విడిభాగాల కోసం యజమానులు నేటికీ పాత సామాన్ల అంగళ్లకు పేరొందిన మల్లిక్ బజార్‌నే ఆశ్రయిస్తుంటారు.

ఆనాటి హంసకారు

కారు రూపాన్ని మార్చి చూడాలన్న సరదా కోల్‌కతాకు కొత్త కాదు. ఈ నగరంలో నివసించిన మాథ్యూసన్ అనే స్కాట్‌లాండ్ ఇంజనీరు 1910లో ఇంగ్లండులోని బ్రూక్ సంస్థ చేత హంస ఆకారంలో ఒక కారు తయారు చేయించాడు. బాడీపై బంగారు రేకుతో తామరపూలు దిద్దించాడు. హంస ముక్కు నుంచి ఆవిరి చిమ్మే ఏర్పాటు కూడా అందులో ఉంది. అది వీధిలోకి రాగానే జనం బెంబేలెత్తడంతో పోలీసులు దానిని నిషేధించారు. అనంతరం నాభా మహారాజు కొనుగోలు చేసిన ఆ కారు ప్రస్తుతం నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో లౌమన్ మ్యూజియంలో ఉంది. 1982లో ఎన్.టి.రామారావు ఎన్నికల ప్రచారం కోసం పాత షెవ్రొలే వ్యానును ‘చైతన్య రథం’గా మలిపించుకున్న వైనం తెలుగువారికి విదితమే.

టాపు కోత ఎలా?

కారు టాపును కిందికి దించే విద్య అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధానంతరం అది ఊపందుకుంది. టాపును మోసే స్తంభాలను అడ్డంగా కోసి, కొన్ని అంగుళాల మేర ముక్కను తొలగించి, టాపును దించి తిరిగి వెల్డింగ్ చేస్తారు. చెప్పినంత సులువైన పని కాదిది. స్తంభాలు వాలుగా ఉంటాయి కనుక దించిన టాపు కింది భాగంతో కలవదు. దానిని నిలువునా, అడ్డంగా కోసి మధ్యలో కొత్త రేకు అతకవలసి వస్తుంది. తలుపుల చట్రాలనూ అదే కొలతకు తగ్గించాలి. పొరల అద్దాన్ని కొత్త కొలతకు కోయవచ్చు గాని, గట్టిపరచిన అద్దాన్ని కోయబోతే తునాతునకలవుతుంది.

అంబాసిడర్ విషయంలో మరొక చిక్కు ఉంది. అమెరికాలో టాపు కోతకు పేరుపడ్డ 1949-51 నాటి మెర్క్యురీ కార్లలో బరువును విడిగా ఉండే ఛాసిస్ మోస్తుంది. అంబాసిడర్‌కు అటువంటి విడి ఛాసిస్ లేదు. బాడీయే ఛాసిస్‌గా పనిచేస్తుంది. బరువులో కొంత టాపు స్తంభాలపైనా పడుతుంది. వాటిని కోసినప్పుడు లోపల తాత్కాలికంగా ఇనుప గొట్టాల ఆధారం ఇవ్వకపోతే బాడీ వంకరపోయి తలుపులు మూతపడవు. అతుకు బలహీనమైతే కారు బోల్తా పడినప్పుడు లోపలివారి ప్రాణాలకే ముప్పు. పైన లప్పం పెట్టి రంగు వేస్తే అతుకు కనిపించకపోవచ్చు గాని, దాని బలహీనత మాత్రం తొలగదు.

చట్టం ఏమంటోంది?

తయారీదారు నిర్దేశించిన ప్రాథమిక లక్షణాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిబంధనను ధ్రువీకరించింది. అదే సంవత్సరం జరిగిన చట్ట సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. అదే రకం ఇంజను అమర్చడం, గ్యాస్ ఇంధనానికి మారడం, వికలాంగులకు అనువుగా మార్పు చేయడం వంటివి అనుమతితో సాధ్యమే. రంగు మారిస్తే పత్రంలో నమోదు చేయించుకోవచ్చు.

కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో వింటేజ్ వాహనాల నిబంధనలను ప్రకటించింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలకు ‘వి.ఎ.’ అక్షరాలతో ప్రత్యేక నంబరు కేటాయిస్తారు. పదేళ్లు చెల్లే ఈ రిజిస్ట్రేషనుకు రుసుము రూ.20,000. ఛాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని పెద్ద మార్పు జరిగి ఉంటే అర్హత లేదు. 1962లో వచ్చిన మార్క్-2 అంబాసిడర్లు ఇప్పుడు ఈ వయోపరిమితిలోకి వచ్చాయి. ఇటువంటి కారుకు టాపు కోసే యజమాని తన చేతులతోనే ఈ అర్హతను పోగొట్టుకుంటాడన్న మాట.

మరో కోణం

అయితే వాదన ఇంతటితో ముగియదు. అమెరికాలో బారిస్ సోదరులు 1951 నాటి మెర్క్యురీ కారుకు టాపు కోసి రూపొందించిన ‘హిరోహటా మెర్క్’ అక్కడి జాతీయ చారిత్రక వాహనాల జాబితాకెక్కింది. 2022 జనవరి వేలంలో దానికి 20 లక్షల డాలర్లకు పైగా ధర పలికింది. ఒకనాడు పాడుచేయడంగా తోచిన పని కాలక్రమంలో వారసత్వంగా మారవచ్చునని ఇది చాటుతోంది. కానీ ఆ దేశంలో మెర్క్యురీలు లక్షల సంఖ్యలో తయారయ్యాయి. పైగా ‘హిరోహటా’కు మూలమైన కారు కోత సమయానికి దాదాపు కొత్తది. ఇక్కడ కోతకు గురయ్యేది అరవై ఏళ్ల కారు.

సీట్లు, దీపాలు, రంగు వంటి మార్పులను ఎప్పుడైనా వెనక్కి తిప్పవచ్చు. కోసిన టాపును మాత్రం తిరిగి పెంచడం దాదాపు అసాధ్యం. ఉత్తరపారా నుంచి మరో కారు రాదు. కనుక గ్యాస్ కట్టర్ చేతపట్టే ముందు యజమాని వేసుకోవలసిన ప్రశ్న, కారు ఎంత అందంగా మారుతుందని కాదు, మిగిలిన అంబాసిడర్లలో మరొకటి తగ్గడం తనకు సమ్మతమేనా అని.