గేర్‌ పడీ పడనట్టుంటే

గేర్‌ లివర్‌ను ఎడమకు నెట్టి ముందుకు తోస్తే ఫస్ట్‌ గేర్‌ పడాలి. ముప్ఫై నలభై ఏళ్లు తిరిగిన ఫోక్స్‌వాగన్‌ బీటిల్‌లో చాలాసార్లు అలా జరగదు. లివర్‌ న్యూట్రల్‌లో ఉండగానే అటూ ఇటూ ఊగుతుంది. ఫస్ట్‌ అనుకుని వేస్తే థర్డ్‌ పడుతుంది. సెకండ్‌ ఎక్కడుందో చేత్తో వెతుక్కోవాలి. ఎలాగో పడిన గేరు కూడా గతుకు రాగానే జారి న్యూట్రల్‌కి వచ్చేస్తుంది. ‘గేర్‌బాక్స్‌ పోయింది, దింపాల్సిందే’ అన్న మాట ఇక్కడే పుడుతుంది. చాలాసార్లు ఆ మాట తొందరపాటే. లోపం గేర్‌బాక్స్‌ లోపల కాదు, దానికీ డ్రైవర్‌ చేతికీ మధ్య ఉంటుంది. ఆ మధ్యలో ఏముందో తెలుసుకుంటే మరమ్మతు సగం అయినట్టే.

చేతికి దూరమైన గేర్లు

తొలి కార్లలో గేర్‌ మార్చడమంటే పళ్లచక్రాలనే జరిపి ఒకదానితో ఒకటి కలపడం. ఫ్రాన్స్‌కు చెందిన ఎమిల్‌ లెవాసోర్‌ 1890లలో ఈ పద్ధతిని కార్లలో స్థిరపరిచాడు. వేర్వేరు వేగాలతో తిరుగుతున్న రెండు చక్రాల పళ్లు ఢీకొంటే కరకరమని మోతొచ్చేది, పళ్లు విరిగేవి. ఆ బాధ తగ్గించింది సింక్రోమెష్‌. ఎర్ల్‌ థాంప్సన్‌ రూపొందించిన ఈ ఏర్పాటు 1928లో క్యాడిలాక్‌ కార్లలోకి వచ్చింది. ముందు రెండు శంకువుల్లాంటి భాగాలు ఒకదానికొకటి ఒరుసుకుని వేగాలను సమానం చేస్తాయి, ఆ తర్వాతే పళ్లు కలుస్తాయి. తరవాతి కాలపు గేర్‌బాక్సుల్లో ముందుకు పోయే గేర్ల చక్రాలు ఎప్పుడూ కలిసే ఉంటాయి. జరిగేది చక్రాన్ని షాఫ్టుకు ముడివేసే స్లీవ్‌ మాత్రమే. బీటిల్‌ ఎగుమతి మోడల్‌లో రెండు, మూడు, నాలుగు గేర్లకు 1952లో సింక్రోమెష్‌ ఇచ్చారు. 1960 ఆగస్టు నుంచి ఫస్ట్‌కూ ఇచ్చారు.

గేర్‌బాక్స్‌ లోపలి కష్టం ఇలా తీరుతూ వచ్చింది. బయట మరో చిక్కు పెరిగింది. లివర్‌ ఎక్కడుండాలి? గేర్‌బాక్స్‌ నెత్తినే లివర్‌ మొలిస్తే మధ్యలో అరిగే భాగాలు తక్కువ. 1930ల చివర్లో అమెరికాలో లివర్‌ను స్టీరింగ్‌ పక్కకు తెచ్చారు. ముందు సీట్లో ముగ్గురు కూర్చునే వీలు కలిగింది. మన అంబాసిడర్‌లో ‘హ్యాండ్‌ గేర్‌’ అని పిలుచుకున్నది ఈ పద్ధతినే. అందులో చేతి కదలిక స్టీరింగ్‌ కాలమ్‌ వెంట దిగి, కింద చిన్నచిన్న లింకుల మీదుగా గేర్‌బాక్స్‌కు చేరుతుంది. ప్రతి కీలులోనూ అరిగే భాగం ఉంటుంది. 1990లలో ఇసుజు ఇంజిన్‌తో వచ్చిన అంబాసిడర్‌లో గేర్‌ లివర్‌ను కిందికి, ఫ్లోర్‌ మీదికి మార్చారు.

బీటిల్‌ది ఇంకో దారి. ఫెర్డినాండ్‌ పోర్షే బృందం 1930లలో గీసిన ఆ కారులో ఇంజిన్‌ వెనక ఉంటుంది. దానికి ముందు, వెనక సీటు కింది భాగంలో గేర్‌బాక్స్‌ ఉంటుంది. లివర్‌ మాత్రం డ్రైవర్‌ పక్కన. ఈ రెంటినీ కలపడానికి కారు నడుమ ఉన్న గొట్టంలాంటి టన్నెల్‌లో మీటరుకు పైగా పొడవున్న ఒక రాడ్‌ పెట్టారు. 2003 జులై 30న మెక్సికోలోని పూయెబ్లాలో ఆఖరి బీటిల్‌ తయారయ్యేనాటికి మొత్తం లెక్క 2,15,29,464. ఇన్ని కార్లు వచ్చినా లివర్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఆ పొడవాటి రాడ్‌ అలాగే ఉంది.

ఒక రాడ్‌, రెండు కదలికలు

ఈ రాడ్‌ రెండు పనులు చేస్తుంది. లివర్‌ను పక్కకు నెడితే రాడ్‌ మెలి తిరుగుతుంది. ముందుకో వెనక్కో కదిపితే రాడ్‌ తన పొడవు వెంట జరుగుతుంది. మెలి తిరగడంతో ఏ జత గేర్లో తేలుతుంది: ఒకటి-రెండు, మూడు-నాలుగు, లేదా రివర్స్‌. జరగడంతో ఆ జతలో ఏ గేరో తేలుతుంది. గేర్‌బాక్స్‌ లోపల ఈ మూడింటికీ మూడు పట్టాలుంటాయి. పట్టా మీది గాడిలోకి స్ప్రింగు తోసిన చిన్న లాక్‌ పడినప్పుడు చేతికి తగిలే ‘టక్‌’ అన్న స్పర్శే గేర్‌ పడిందన్న కబురు.

ఆ కబురు మీటరు దూరం ప్రయాణించి చేతికి అందాలి. దారిలో ఇనుముకు ఇనుము తగిలితే కారు కంపనమంతా లివర్‌లో మోగుతుంది. అందుకే రెండు చోట్ల మెత్తని భాగాలు పెట్టారు. లివర్‌కు దగ్గరగా, రాడ్‌ ఊగకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్‌ బుష్‌ ఒకటి. వెనక, రాడ్‌నూ గేర్‌బాక్స్‌ షాఫ్టునూ కలిపే కప్లింగ్‌లోని రబ్బరు మరొకటి. అరిగిపోవడానికే పెట్టిన భాగాలివి. తాము అరిగి ఖరీదైన వాటిని కాపాడతాయి. ఏళ్ల తరబడి వేడికీ నూనెకూ బుష్‌ పెళుసెక్కి ముక్కలవుతుంది, రబ్బరు పొడిపొడిగా రాలుతుంది.

ఊళ్లో చేతిపంపు సీల అరిగితే హ్యాండిల్‌ జానెడు కిందికి దిగాక గానీ లోపలి కడ్డీ కదలదు. ఇక్కడా అంతే. లివర్‌ తిరిగే ఇరుసు నుంచి పై చేయి పొడవు, కింది చేయి పొట్టి. పై చేయి కింది దానికి ఏడు రెట్లుంటే, కింద ఒక్క మిల్లీమీటరు వదులు పైన ఏడు మిల్లీమీటర్ల ఊపు అవుతుంది. బుష్‌లో కొంత, కప్లింగ్‌లో కొంత కలిస్తే గేర్ల దారులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినట్టు అనిపించడంలో వింత లేదు.

గేర్‌బాక్స్‌ దింపే ముందు

ముందు ఇంజిన్‌ ఆపి అన్ని గేర్లూ వేసి చూడాలి. అన్నీ సాఫీగా పడి, ఇంజిన్‌ నడుస్తున్నప్పుడే రివర్స్‌ గరగరలాడితే తప్పు క్లచ్‌ది. పెడల్‌ తొక్కినా క్లచ్‌ పూర్తిగా విడవడం లేదు. బీటిల్‌ క్లచ్‌ పెడల్‌ దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఫ్రీ ప్లే ఉండాలి. కేబుల్‌ సరిచేస్తే చాలు.

రెండోది గేర్‌బాక్స్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంట్లు. అవి చిరిగితే యాక్సిలరేటర్‌ తొక్కినప్పుడు, వదిలినప్పుడు ఇంజిన్‌, గేర్‌బాక్స్‌ కలిసి ఊగుతాయి. రాడ్‌ ఛాసిస్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ ఊపు గేర్‌ను లాగి ఊడదీస్తుంది. నడుస్తుండగా గేర్‌ జారిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

మూడోది కప్లింగ్‌. వెనక సీటు ఎత్తితే టన్నెల్‌ చివర చిన్న మూత కనిపిస్తుంది. మూత తీసి, ఒకరు లివర్‌ కదుపుతుంటే ఇంకొకరు లోపలికి లైటు వేసి చూడాలి. రాడ్‌ కదిలిన వెంటనే గేర్‌బాక్స్‌ షాఫ్టు కదలాలి. మధ్యలో కప్లింగ్‌ మెలి తిరిగి ఆగుతుంటే రబ్బరు పోయినట్టే. దాన్ని బిగించిన స్క్రూకు నలుచదరపు తల ఉంటుంది, వదులు కాకుండా సన్నటి తీగ చుట్టి ఉంటుంది. తీగ కత్తిరించి, స్క్రూ వదులు చేసి కప్లింగ్‌ విడదీశాక అసలు పరీక్ష చెయ్యాలి. గేర్‌బాక్స్‌ నుంచి వచ్చిన షాఫ్టును నేరుగా చేత్తోనో ప్లయర్‌తోనో తిప్పి, జరిపి చూడాలి. ప్రతి గేరూ టక్కున పడుతుంటే లోపలి పట్టాలు, లాకులు పదిలంగా ఉన్నట్టు. ఇక గేర్‌బాక్స్‌ దింపే మాట అక్కర్లేదు.

నాలుగోది ముందు బుష్‌. లివర్‌ అడుగున ఉన్న రెండు బోల్టులు విప్పి లివర్‌ను పైకి తీస్తే కింద బుష్‌ ఉండే బ్రాకెట్‌ అందుతుంది. చాలా పాత కార్లలో అక్కడ బుష్‌ ఉండదు, దాని ముక్కలుంటాయి. కప్లింగ్‌ విడదీసి ఉంది కాబట్టి రాడ్‌ను బ్రాకెట్‌ నుంచి జరపొచ్చు. పాత ముక్కలన్నీ ఏరేసి, కొత్త బుష్‌కు గ్రీజు రాసి, దాని తీగ రింగుతో సహా బ్రాకెట్‌లో కూర్చోబెట్టాలి. లివర్‌ కింది బంతికీ, రాడ్‌ మీద అది కూర్చునే గిన్నెకూ గ్రీజు పెట్టాలి.

తిరిగి బిగించేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. కప్లింగ్‌ స్క్రూ మొన దానికోసం చేసిన గుంటలోనే కూర్చోవాలి. పక్కకు పడితే కొన్ని గేర్లు అందవు. బిగించాక తీగ మళ్లీ చుట్టాలి. లివర్‌ అడుగున ఉండే స్టాప్‌ ప్లేటు తిరగబడకూడదు. బీటిల్‌లో లివర్‌ను కిందికి నొక్కి, ఎడమకు నెట్టి, వెనక్కి లాగితేనే రివర్స్‌ పడాలి. ఆ కాపలా కాసేది ఈ ప్లేటే. బోల్టులు కాస్త వదులుగా ఉంచి, ప్లేటును కొద్దికొద్దిగా జరుపుతూ, సెకండ్‌ గట్టిగా పడేచోట, నొక్కకుండా రివర్స్‌ దొరకని చోట బిగించాలి.

ఇన్ని చేశాకా సెకండ్‌ వేసిన ప్రతిసారీ గరగరమంటే, లోపల సింక్రో రింగులు అరిగి ఉండొచ్చు. అప్పుడే గేర్‌బాక్స్‌ విప్పే వంతు.

పాత కారు ఉన్నవాళ్లందరికీ ఒకటే విన్నపం. హ్యాండ్‌ గేర్‌ అంబాసిడర్‌ అయినా, బీటిల్‌ అయినా చూడాల్సిన వరస ఒకటే: క్లచ్‌, మౌంట్లు, కీళ్లు, బుష్‌లు, అన్నిటికన్నా చివర గేర్‌బాక్స్‌. చవకైన భాగం నుంచి ఖరీదైన దాని వైపు వెళ్లండి. బాగున్న గేర్‌బాక్స్‌ను అనవసరంగా విప్పితే మళ్లీ పాత అమరిక తేవడం కష్టం. అరిగిన బుష్‌ను మార్చడం తేలిక.