మధుమేహంతో పాటు తొలిదశ మూత్రపిండ వ్యాధి గల వృద్ధ మార్జాలం: ఆహార నిర్వహణ

1. ఉపోద్ఘాతం

అధిక దాహం, అతిమూత్రం, బరువు తగ్గడం అనే లక్షణాలు వయసు మళ్లిన పిల్లులలో మధుమేహానికీ, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికీ సమానమే. ఈ రెండూ ఒకే పిల్లికి సోకినప్పుడు ఆహారం విషయంలో చిక్కు ఏర్పడుతుంది. మధుమేహానికి సూచించే ఆహారంలో మాంసకృత్తులు అధికంగా, పిండిపదార్థాలు స్వల్పంగా ఉంటాయి. మూత్రపిండ వ్యాధికై తయారయ్యే ఆహారంలో మాంసకృత్తులు, భాస్వరం తక్కువ. ఆ మేరకు శక్తి కొవ్వు, పిండిపదార్థాల నుండి లభిస్తుంది. వీటిలో దేనికి ప్రాధాన్యమివ్వాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

2. మార్జాల జీవక్రియ

పిల్లి సహజంగా మాంసాహారి. దాని కాలేయం అమైనో ఆమ్లాల నుండి నిరంతరం గ్లూకోజును తయారుచేస్తుంది. ఆహారంలో మాంసకృత్తులు తగ్గినా ఈ ప్రక్రియ అంతగా తగ్గదు. లోటును సొంత కండరాలే తీర్చవలసి వస్తుంది. మధుమేహం అదుపులో లేనప్పుడు కండరాల క్షయం మరింత పెరుగుతుంది. కండరాలు క్షీణిస్తే రక్తంలో క్రియాటినిన్ కూడా తగ్గుతుంది. మూత్రపిండాలు మెరుగుపడ్డాయనే భ్రమకు ఇది తావిస్తుంది. అందువల్ల ప్రతి పరీక్షలోనూ బరువును, కండపుష్టిని కూడా గమనించాలి.

3. తొలిదశలో ప్రాధాన్యం

మూత్రపిండ వ్యాధి దశలను నిర్ణయించే అంతర్జాతీయ సంఘం ‘ఐరిస్’ వర్గీకరణలో క్రియాటినిన్ డెసిలీటరుకు 1.6 నుండి 2.8 మిల్లీగ్రాముల వరకు ఉంటే అది రెండవ దశ. ఈ దశలో రక్తంలోని భాస్వరాన్ని 4.6 మిల్లీగ్రాములు దాటనీయకపోవడం లక్ష్యం. కనుక తొలిదశలో మాంసకృత్తులను తీవ్రంగా తగ్గించడం కంటే, పిండిపదార్థాలు, భాస్వరం రెండూ తక్కువగా ఉన్న తడి ఆహారాన్ని ఎంచుకోవడం మేలు. అవసరమైతే భాస్వరాన్ని పేగులోనే బంధించే మందును పశువైద్యులు ఆహారంతో కలిపి ఇస్తారు. తడి ఆహారంలో సుమారు 75 శాతానికి పైగా నీరుండటం రెండు వ్యాధులలోనూ ఉపకరిస్తుంది.

4. పిండిపదార్థాల లెక్క

డబ్బాపై పిండిపదార్థాల శాతం సాధారణంగా ఉండదు. మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ, బూడిద శాతాలను కలిపి నూరు నుండి తీసివేస్తే అది తెలుస్తుంది. ఉదాహరణకు ఇవి వరుసగా 11, 6, 1, 78, 2 అయితే మిగిలేది 2. గ్రాముకు మాంసకృత్తులు, పిండిపదార్థాల నుండి 3.5, కొవ్వు నుండి 8.5 కిలోకేలరీల చొప్పున లెక్కిస్తే మొత్తం శక్తిలో పిండిపదార్థాల వాటా సుమారు 7 శాతం. మధుమేహ పిల్లులకు ఈ వాటా 12 శాతం లోపు ఉండాలని పశువైద్య మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

5. ఇంటి ఆహారం

తెలుగువారి ఇళ్లలో పిల్లికి పెట్టే పాలన్నం, పెరుగన్నం పిండిపదార్థాలను పెంచుతాయి. ఎండుచేపలలో ఉప్పు, భాస్వరం అధికం. ఉడికించిన కోడిమాంసం ఒక్కటే పెడితే కాల్షియం చాలదు. అప్పుడప్పుడు రుచికి ఉడికించిన గుడ్డు తెల్లసొన కొద్దిగా పెట్టవచ్చు. అందులో మాంసకృత్తులతో పోలిస్తే భాస్వరం చాలా తక్కువ.

6. జాగ్రత్తలు

ఇన్సులిన్ పొందుతున్న పిల్లికి పిండిపదార్థాలు హఠాత్తుగా తగ్గిస్తే రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోవచ్చు. కాబట్టి ఆహారాన్ని పశువైద్యుల పర్యవేక్షణలో, గ్లూకోజును పరీక్షిస్తూ, క్రమంగా మార్చాలి. కొత్త ఆహారాన్ని తిరస్కరించే పిల్లిని పస్తుంచరాదు. కొద్దిరోజుల పస్తు కూడా కాలేయంలో కొవ్వు చేరడానికి దారితీయవచ్చు. పిల్లి తినని పూట ఇన్సులిన్ మోతాదును పశువైద్యులను అడిగి నిర్ణయించుకోవాలి.

7. ముగింపు

మూత్రపిండ వ్యాధి ముదిరి ఆకలి మందగించినప్పుడు ఈ ప్రాధాన్యాలు మారతాయి. అప్పుడు మూత్రపిండ ఆహారమిచ్చి, దానికి తగినట్లు ఇన్సులిన్‌ను సవరించవలసి రావచ్చు. ఏ దశలోనైనా పిల్లి తినే ఆహారమే దానికి ఉపయోగపడుతుంది. పళ్లెంలో మిగిలిపోయేది ఎంత శాస్త్రీయమైనదైనా వైద్యం కాజాలదు.